వెనక బెంచీలో వినిపించిన మాట

(గుంటూరులో డిగ్రీ, పీజీ అధ్యాపకుల సమావేశంలో ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం. చివర సభలోంచి వచ్చిన ఒక ప్రశ్న, దానికి ఆమె జవాబు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఇంత ఎండలో తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి, విజయవాడ నుంచి కూడా వచ్చారు. చాలా సంతోషం. మొదట ఒక చిన్న ప్రశ్న. మీరు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇవాళ్టి దాకా, మీ క్లాసులో తోటి లెక్చరర్ ఒకరు పీరియడ్ మొత్తం కూర్చుని, ఆ తర్వాత ఓ అరగంట మీతో ఆ పాఠం గురించి మాట్లాడారా? మాట్లాడి ఉంటే చెయ్యెత్తండి.

నాలుగు చేతులు. అదిగో, కిటికీ దగ్గర ఇంకొకరు. ఐదు.

ఇంత పెద్ద హాల్లో ఐదుగురు. మీరేం చిన్నబుచ్చుకోకండి. నా సర్వీసులో మొదటి పన్నెండేళ్లు ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే నేనూ చెయ్యెత్తగలిగేదాన్ని కాదు.

బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పబోయే అమ్మాయికి బీఎడ్‌లో ఏం చేయిస్తారో మీకు తెలుసు. మైక్రో టీచింగ్. 6 నిమిషాలు పాఠం చెప్పాలి. 6 నిమిషాలు తోటివాళ్లు, మాస్టారు తాము చూసింది చెబుతారు. 12 నిమిషాల్లో పాఠం సరిచేసుకోవాలి. మళ్లీ 6 నిమిషాలు చెప్పాలి, మళ్లీ 6 నిమిషాలు వినాలి. మొత్తం 36 నిమిషాలు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతి పుట్టింది. మన దేశంలో మన కాలేజీలకు తగ్గట్టుగా ఈ 36 నిమిషాల లెక్క ఏర్పడింది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరేలోపే తన పాఠాన్ని ఇంకొకరి కళ్లతో చాలాసార్లు చూసుకుంటుంది.

మరి మనం? ఎమ్మే చేశాం, పీహెచ్‌డీ చేశాం, లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్టో సెట్టో రాశాం. నెట్ మొదటి పేపర్లో బోధనా సామర్థ్యం మీద ప్రశ్నలుంటాయి. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించాం. మర్నాడు హెచ్‌వోడీ గారు చేతికి టైం టేబుల్, అటెండెన్స్ రిజిస్టర్ ఇచ్చి పంపించారు. తర్వాత ఓరియంటేషన్లు, రిఫ్రెషర్ కోర్సులు ఉన్నాయి. 1987 నుంచి అధ్యాపకుల శిక్షణకి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు నడిచాయి, ఇప్పుడు వాటినే మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నాం. నేను వాటిలో చాలా నేర్చుకున్నాను. కానీ అక్కడ కూడా మనం కూర్చుని వింటాం. మనం చెప్పేటప్పుడు చూసేవాళ్లు రారు.

వచ్చినా, ఎలా వస్తారు? నా అనుభవం ఒకటి చెబుతాను. ఎక్కడ, ఎవరు అన్నది వదిలేయండి. చేరిన మూడో ఏడు. నేను జాతీయాదాయం లెక్కింపు చెబుతున్నాను. ఉన్నట్టుండి పై అధికారి తలుపు దగ్గర నిలబడ్డారు. పిల్లలు లేచారు. ఆయన కూర్చోమని సైగ చేసి ఏడెనిమిది నిమిషాలు అక్కడే నిలబడి వెళ్లిపోయారు. సాయంత్రం స్టాఫ్ మీటింగులో, అందరి ముందు, "కొందరు మేడంల క్లాసులో పిల్లలు నిద్రపోతున్నారు" అన్నారు. నా పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కదా, అందరూ నావైపే చూశారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాటి నుంచి నేనేం చేశానో తెలుసా? తలుపు వేసుకుని పాఠం చెప్పడం మొదలుపెట్టాను. పాఠంలో మాత్రం ఒక్క ముక్క మార్చలేదు. ఏం మార్చాలో ఆ మాటలో లేదు మరి. ఏ పిల్లలు నిద్రపోయారు? నేను ఏం చెబుతుండగా? బోర్డువైపు తిరిగి రాస్తుంటేనా, లెక్క చేయిస్తుంటేనా? ఆయన చూశారో లేదో కూడా నాకు తెలీదు.

పరిశీలన అంటే మన కాలేజీల్లో ఇప్పటికీ ఇదే అర్థం. ఇన్‌స్పెక్షన్. అందుకే ఆ మాట వింటేనే టెన్షన్.

మన తెనాలి, గుంటూరు ప్రాంతాలకి నాటకం కొత్త కాదు కాబట్టి అందులోంచే చెబుతాను. పరిషత్తు పోటీలో ముందు వరుసలో న్యాయనిర్ణేతలు కూర్చుంటారు. వాళ్ల చేతిలో మార్కుల కాగితం ఉంటుంది. వాళ్ల ముందు నటుడు తన లోపం దాచుకుంటాడు, దాచుకోవాలి కూడా. రిహార్సల్లో దర్శకుడూ ఎదురుగానే కూర్చుంటాడు. ఆయన ముందు అదే నటుడు, "ఈ డైలాగు దగ్గర నాకు ఊపిరి ఆడటం లేదండీ, ఏం చేయను?" అని అడుగుతాడు. ఇద్దరూ కుర్చీలో కూర్చుని చూసేవాళ్లే. కానీ ఒకరి ముందు దాస్తాం, ఒకరి ముందు విప్పి చెబుతాం.

ఈ తేడాకి మైకేల్ స్క్రివెన్ అనే ఆయన 1967లో పేర్లు పెట్టారు. పని నడుస్తుండగా సరిచేసుకోవడానికి చూసేదాన్ని మనం నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్.ఏ.) అంటున్నాం, చివర మార్కులు వేయడానికి చూసేదాన్ని సంగ్రహణాత్మక మూల్యాంకనం (ఎస్.ఏ.) అంటున్నాం. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఎఫ్.ఏ., ఎస్.ఏ. అని రోజూ వింటూనే ఉంటారు. మన పిల్లల చదువుకి ఆ తేడా పాటిస్తున్నాం. మన చదువు చెప్పడానికి మాత్రం ఎస్.ఏ. ఒక్కటే ఉంది.

సెమిస్టరు చివర విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఫారాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ సంస్థ కూడా 2017లో మార్చిన పద్ధతిలో విద్యార్థుల సంతృప్తి సర్వే పెట్టింది. కానీ ఆ ఫారం మన చేతికొచ్చేసరికి ఆ బ్యాచ్ పరీక్షలు రాసేసి ఉంటుంది. అయిదుకి 3.8 వచ్చిందంటే ఆ మిగిలిన 1.2 ఎక్కడ పోయిందో ఆ కాగితం చెప్పదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొన్నేళ్ల కిందట ఒక చిన్నవాడు, కొత్తగా చేరిన లెక్చరర్, మా డిపార్ట్‌మెంటుకి వచ్చాడు. బాగా చదువుకున్నవాడు, కష్టపడేవాడు. ఒకరోజు స్టాఫ్ రూంలో, "మేడం, నా క్లాసులో అందరూ అర్థమైందంటారు. ఇంటర్నల్స్‌లో మాత్రం ఎవరూ రాయరు. ఎక్కడ తప్పుతోందో తెలియడం లేదు, ఒకసారి వచ్చి కూర్చుంటారా?" అని అడిగాడు.

అతను అడిగాడు, నేను వెళ్లాను. ఆ వరస ముఖ్యం. ముందురోజు పావుగంట మాట్లాడుకున్నాం. ఏం పాఠం, ఏ సెక్షన్, ఎంతమంది అని తెలుసుకున్నాను. "నన్నేం చూడమంటావు బాబూ?" అని అడిగాను. "పిల్లలు నిజంగా వింటున్నారో లేదో చూడండి" అన్నాడు. వింటున్నారో లేదో నాకెలా కనిపిస్తుంది? కళ్లతో కనిపించేది, చెవులతో వినిపించేది చెప్పమన్నాను. ఇద్దరం కలిసి మూడింటి దగ్గర ఆగాం. అతను ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నాడు, ఎవరు జవాబు చెబుతున్నారు, పెన్నులు ఎప్పుడు కదులుతున్నాయి. ఇంతే. నేను వస్తున్నానని, పిల్లల్ని పరీక్షించడానికి కాదని ముందే క్లాసులో చెప్పమన్నాను.

ఆ రోజు పాఠం సప్లయి వ్యాకోచత్వం, అంటే ధర మారితే సప్లయి ఎంత మారుతుంది అన్నది. నేను వెనక నుంచి రెండో బెంచీలో, ఒక అంచున కూర్చున్నాను. తెల్లకాగితం మీద ఎడమవైపు టైం, మధ్యలో జరిగింది, కుడివైపు ఖాళీ. కుడివైపు నాకు తోచిన మాట ఎప్పుడైనా రాసుకోవాలి. మధ్య గడిలో మాత్రం నా అభిప్రాయం ఒక్కటి కూడా పడకూడదు.

ఇది చెప్పినంత తేలిక కాదు, అందుకే కాస్త ఆగి చెబుతాను. "విద్యార్థులకు ఆసక్తి లేదు" అని రాస్తే అది నా తీర్పు. "11.12కి గ్రాఫ్ వేశారు. కుడివైపు మూడు బెంచీలవాళ్లు తలలు పక్కకి వంచి చూస్తున్నారు, కిటికీ వెలుతురు బోర్డు మీద మెరుస్తోంది" అని రాస్తే అది నేను చూసింది. మొదటిదాన్ని ఆ కుర్రాడు ఏం చేసుకుంటాడు? బాధపడతాడు, లేకపోతే నాతో వాదిస్తాడు. రెండోది చదివితే, లేచి వెళ్లి కిటికీ రెక్క వేస్తాడు. "బాగా చెప్పారు, ఇంకా ఇంటరాక్టివ్‌గా ఉంటే బాగుంటుంది" అని రాసే అబ్జర్వేషన్ రిపోర్టులు నేను చాలా చూశాను. మెచ్చుకోలు కూడా తీర్పే. అందులోనూ పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇలా రాయడానికి తయారైన పద్ధతులు ఉన్నాయి. బీఎడ్‌వాళ్లు ఫ్లాండర్స్ పద్ధతి చదువుతారు. ప్రతి 3 సెకన్లకి ఒక అంకె వేయాలి, 10 రకాలు: ఏడు టీచరు మాటలకి, రెండు పిల్లల మాటలకి, ఒకటి మౌనానికీ గందరగోళానికీ. అందులో మనం గమనించాల్సింది ఆ ఏడుకీ రెండుకీ ఉన్న తేడా. విశ్వవిద్యాలయం క్లాసులకని 2013లో కోపస్ అనే పద్ధతి వచ్చింది. ప్రతి 2 నిమిషాలకి టీచరు ఏం చేస్తున్నారు, విద్యార్థులు ఏం చేస్తున్నారు అని 25 గుర్తుల్లోంచి టిక్ పెడతారు. బాగుంది, బాగాలేదు అనే గడి అందులో లేదు. నాకు నచ్చింది అదే. గంటన్నర శిక్షణతో ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ ఆ రోజు నాకు ఇవేవీ లేవు, ఒక కాగితం, ఒక వాచీ, అంతే.

ఆ కుర్రాడు సప్లయి మీద కాలం ప్రభావం చెబుతున్నాడు. మార్షల్ చెప్పిన చేపల ఉదాహరణ తీసుకున్నాడు. చేపలు ఇవాళ అమ్మకపోతే పాడైపోతాయి, ధర పెరిగినా తగ్గినా ఇవాళ్టి సరుకు ఇవాళే, కాబట్టి ఆ రోజుకి సప్లయి మారదు. ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు. తర్వాత "అర్థమైందా?" అన్నాడు. ముందు రెండు బెంచీలు "అర్థమైంది సార్" అన్నాయి. నేను ఒక గీత గీశాను. పీరియడ్ అయ్యేసరికి ఆ "అర్థమైందా" గీతలు 23 అయ్యాయి. ఇరవై మూడుసార్లూ జవాబు ఆ రెండు బెంచీల నుంచే.

11.31కి, నా ముందు బెంచీలో ఒక అమ్మాయి పక్కమ్మాయి చెవిలో తెలుగులో అంది: "మరి మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెడతాం కదే, రేటు లేనప్పుడు?"

పాఠం మొత్తానికి అదే ప్రాణం! చేపకి లేనిది, మిర్చికి ఉన్నది ఏమిటి? నిల్వ. ధర పడితే బస్తాలు ఏసీ గోడౌన్‌లో పెడతారు, వాటి మీద అప్పు తెచ్చుకుంటారు, రేటు వచ్చినప్పుడు యార్డుకి తోలతారు. సరుకు నిలవ ఉంటే సప్లయి వ్యాకోచత్వం పెరుగుతుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఆ అమ్మాయి ఇంట్లో ఉంది. బోర్డు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ మాట ఎప్పటికీ వినపడదు. పైన ఫ్యాను చప్పుడు, మధ్యలో పది బెంచీలు. 2021-22 నుంచి మన డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మీడియంలోకి వెళ్లాక ఇలాంటి మాటలు ఇంకా గొంతు తగ్గించుకున్నాయి. పిల్లలకి ఆలోచన ఉంది. దాన్ని ఇంగ్లీషులో, అందరి ముందు అనడానికి ధైర్యం చాలదు. వెనక బెంచీలో ఒక తోటి లెక్చరర్ కూర్చోవడం ఎందుకు అని నన్నడిగితే, ఆ మాట మోసుకొచ్చి ముందున్న మనిషికి ఇవ్వడానికి.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కాకుండా లైబ్రరీలో ఒక మూల కూర్చున్నాం. నలుగురిలో చేయకూడని పని అది. నేను ముందు మాట్లాడలేదు. "ఎలా అనిపించింది?" అని అడిగాను. అతను ఐదు నిమిషాలు తనను తాను తిట్టుకున్నాడు. విన్నాను. తర్వాత కాగితం అతని ముందు పెట్టి చదువుకోమన్నాను. 23 దగ్గర ఆగాడు. "ఇన్నిసార్లా మేడం?" అన్నాడు. నేనేం అనలేదు. మిర్చి వాక్యం దగ్గరికి వచ్చాడు. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. "ఎవరన్నారు?" అని అడిగాడు. ఆ ఒక్కటి నేను చెప్పలేదు. ఆ అమ్మాయి తన స్నేహితురాలితో అనుకున్న మాట అది, నాతో కాదు.

"తర్వాత క్లాసులో ఒక్కటి మార్చాలంటే ఏం మారుస్తావు?" అని మాత్రం అడిగాను. ఒక్కటే. పది చెబితే మనిషి ఏదీ చేయడు. తనే అన్నాడు, "అర్థమైందా అనడం మానేస్తాను మేడం. దాని బదులు ఒక నిజమైన ప్రశ్న అడిగి ఆగుతాను."

ఆగడం గురించి ఒక ముఖ్యమైన సంగతుంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు చిన్న తరగతుల సైన్స్ పాఠాలు రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఎంతసేపు ఆగుతున్నారంటే, ఒక్క సెకను. అంతలోపే తామే చెప్పేయడమో, ఇంకొకర్ని అడగడమో. దాన్ని 3 సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు. 3 సెకన్లంటే బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లకి ఎంత పొడుగో! మీరే ఒకసారి నిలబడి చూడండి. లోపల లెక్కపెట్టుకోకపోతే ఆగలేం.

మూడు వారాల తర్వాత అతను మళ్లీ రమ్మన్నాడు. ఆ క్లాసులో అతను, "మీ ఇళ్లలో సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్లున్నారా? ఎందుకు పెట్టారు? తెలుగులో చెప్పొచ్చు" అన్నాడు. ఆగాడు. నేను వాచీ చూశాను, నాలుగు సెకన్లు. ఇద్దరు అబ్బాయిలు బస్తా అద్దె గురించి, అప్పు వడ్డీ గురించి వాదించుకున్నారు. ఆ అమ్మాయి ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు. కానీ పెన్ను ఆగకుండా రాసింది. అంతకన్నా ఎక్కువ జరిగిందని నేను చెప్పను.

ఇంత జాగ్రత్త ఎందుకు, తప్పు కనిపిస్తే మొహం మీదే చెప్పొచ్చుగా అని కొందరు పెద్దలు నన్నడిగారు. క్లూగర్, డెనీసీ అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాలన్నీ పోగుచేసి 1996లో లెక్క చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో, ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా తగ్గింది. మాట పని మీద నుంచి మనిషి మీదకి జరిగినకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్లు వివరించారు. నేను తలుపు వేసుకున్నది గుర్తుందిగా.

ఇంకో మాట, ప్రిన్సిపాల్ గార్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ కాగితం పాఠం చెప్పినవాళ్లది. దానికి జిరాక్సు తీయకండి. నాక్ టీం వస్తోంది, అబ్జర్వేషన్ రిపోర్టులన్నీ కాలేజీ నాణ్యత చూసే ఐక్యూఏసీ విభాగం ఫైల్లో పెట్టండి అని సర్క్యులర్ ఇచ్చిన రోజున ఇదంతా మళ్లీ ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది. ఫలానా తేదీన ఫలానా ఇద్దరు పరస్పరం క్లాసులు చూసుకున్నారు అన్నంతవరకు ఫైల్లో పెట్టుకోండి, చాలు. ప్రమోషన్‌కీ, రెన్యువల్‌కీ మదింపు కావాలంటే దానికి వేరే మనుషులు, వేరే రోజు, వేరే పద్ధతి. రెండూ ఒకే మనిషి చేతిలో పెట్టకండి.

తీరిక లేదంటారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన అని యూజీసీ నిబంధన. దానిపైన ఎన్నికల డ్యూటీలు, అడ్మిషన్ల పనులు. నాకు తెలుసు. సెమిస్టరుకి రెండు పీరియడ్లు చూడటం, రెండుసార్లు కూర్చుని మాట్లాడటం, అంతే నేనడిగేది.

సబ్జెక్టు తెలియనివాళ్లు చూసి ఏం చెబుతారు అనే అనుమానం కూడా వద్దు. నా పాఠం మొట్టమొదట సరిగ్గా చూసింది ఒక తెలుగు మాస్టారు. ఆయనకి అర్థశాస్త్రం తెలియదు కాబట్టి పిల్లల్లాగే ఎక్కడ తెగిపోయిందో అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టారు. "అమ్మా, నువ్వు ఉపాంత వ్యయం అన్నప్పుడల్లా ఉపాంతం అంటే ఏమిటో చెబుతావని ఎదురుచూశాను" అన్నారు. అప్పటికి పన్నెండేళ్లుగా చెబుతున్నాను ఆ మాట. ఉపాంతం అంటే అదనంగా చేర్చిన ఒక్కటి అని ఎవరికీ విప్పి చెప్పలేదని ఆ రోజే తెలిసింది.

పీరియడ్ మొత్తం కూర్చునేవాళ్లు దొరక్కపోతే, సెమిస్టరు మధ్యలో ఇంకో పద్ధతి ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ క్లార్క్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. పీరియడ్ చివరి అరగంట మీరు బయటికి వెళ్లిపోతారు. తోటి లెక్చరర్ లోపలికి వచ్చి పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఈ క్లాసులో మీకు దేనివల్ల బోధపడుతోంది, ఏది అడ్డొస్తోంది, ఏం మారిస్తే బాగుంటుంది అని అడుగుతారు. ఎవరన్నారో కాక, అందరూ ఒప్పుకున్న మాటలే మీకు తెచ్చి ఇస్తారు. సెమిస్టరు ఇంకా సగం ఉంది కాబట్టి ఆ పిల్లలకే ఉపయోగం. ఆ తర్వాతి క్లాసులో మీరు మాత్రం తప్పకుండా ఆ మాటల గురించి వాళ్లతో మాట్లాడాలి. ఏది మారుస్తారో, ఏది మార్చలేరో, ఎందుకో. అడిగి ఊరుకుంటే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

సభలోంచి ఒక అధ్యాపకురాలు: మేడం, నేను గెస్ట్ ఫ్యాకల్టీని. ఏడాదికోసారి రెన్యువల్. ఎవరైనా వచ్చి వెనక కూర్చుంటే నాకు పాఠం గుర్తుకురాదు. సీనియర్లు చూసింది బయట చెప్పరని ఎలా నమ్మను?

వక్త: మీరు నమ్మాల్సిన పని లేదమ్మా. మీ భయం నిజమైనదే, దాన్ని కాదనను. అందుకే మొదట మిమ్మల్ని ఎవరూ చూడొద్దు. మీరే వెళ్లి చూడండి. మీ కాలేజీలో అందరికన్నా సీనియర్ ఎవరో వాళ్లని అడగండి, "సార్, మీ క్లాసులో కూర్చోవచ్చా?" అని. కాదన్నవాళ్లని వదిలేయండి. ఔనన్నవాళ్ల పాఠం చూసి, చూసింది రాసి, ఆ కాగితం వాళ్ల చేతికే ఇవ్వండి. తన కాగితం మీ చేతిలో రాయించుకున్నవాళ్లకి, మీ కాగితం ఎలా దాచాలో తెలుస్తుంది. సీనియర్లు ముందు కూర్చోబెట్టుకోవాలి, తర్వాతే కూర్చోవాలి. ఈ వరస తిరగబడితే మీరు ఒప్పుకోకండి.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే నా దగ్గరికే రండి. రిటైరయ్యాను కానీ వచ్చే బుధవారం బ్రాడీపేటలో మా పాత విద్యార్థి నడిపే పోటీ పరీక్షల క్లాసులో రెండు గంటలు చెప్పమన్నారు. పది గంటలకి. వెనక బెంచీలో కూర్చోండి, ఒక తెల్లకాగితం తెచ్చుకోండి. ప్రశ్న అడిగాక నేను ఎంతసేపు ఆగుతున్నానో చూసి చెప్పండి. ఈమధ్య తొందరపడుతున్నానేమో అని నాకే అనుమానంగా ఉంది.